ఒక్కొక్కటి తీసి చూడు

సంఘం కంప్యూటర్

హైదరాబాదులో బాగ్ లింగంపల్లి ఉంది. దానికి దగ్గరలోనే నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ ఉన్నాయి. బాగ్ లింగంపల్లిలో ఒక సందులో 12 మంది ఆడవాళ్లు పొదుపు సంఘం పెట్టుకున్నారు.

వాళ్లు నెలనెలా డబ్బు కూడబెడతారు. అవసరం వచ్చినవాళ్లకు అప్పు ఇస్తారు. అందరూ కలిసి బడి పిల్లలకు బట్టలు కుడతారు.

సంఘం నాయకురాలిని అందరూ లీడరక్క అని పిలుస్తారు. బట్టలు కుట్టడంలో అందరికంటే నేర్పు ఉన్న ఆమెను మిషను వదిన అంటారు. మిషను వదిన చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక సాయంత్రం చదువు కేంద్రంలో రాయడం, చదవడం నేర్చుకుంది. ఇప్పుడు ఏ పని చేసినా నోటు పుస్తకంలో రాసిపెడుతుంది.

సంఘం వాళ్లు ఒక పాత కంప్యూటర్ కొన్నారు. అది లీడరక్క ఇంట్లో ముందు గదిలో ఉంది. సంఘం లెక్కలు, మీటింగుల ఫోటోలు అన్నీ ఒక నల్ల డబ్బాలో దాస్తారు. ఆ డబ్బా అరచేయి అంత ఉంటుంది. దానికి ఒక వైరు ఉంటుంది. వైరును కంప్యూటర్‌కు తగిలిస్తే లెక్కలు తెర మీద కనిపిస్తాయి. ఆ డబ్బా పేరు హార్డ్ డిస్క్. కంప్యూటర్ లోపల కూడా ఒక హార్డ్ డిస్క్ ఉంటుంది. ఇది బయట తగిలించేది.

సంఘం వాళ్లు ఆ డబ్బాను ఎప్పుడూ తీసేవాళ్లు కాదు. రాత్రీ పగలూ అది కంప్యూటర్‌కే వేలాడుతూ ఉండేది.

"కొత్తది కొనాలె"

మొదట్లో బటను నొక్కితే ఒక నిమిషంలో తెర వెలిగేది. కొన్నాళ్లకు అయిదు నిమిషాలు పట్టింది. తర్వాత పది నిమిషాలు దాటింది. బటను నొక్కి, బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి వచ్చినా తెర నల్లగానే ఉండేది.

"దీనికి దిష్టి తగిలింది. నిమ్మకాయ కట్టుండ్రి" అన్నది సంఘంలో అందరికంటే పెద్ద అవ్వ.

అందరూ నవ్వారు. కానీ లీడరక్క నవ్వలేదు. వచ్చే శుక్రవారం లోపల రెండేళ్ల లెక్కలు బ్యాంకులో ఇవ్వాలి. ఇస్తేనే కొత్త అప్పు వస్తుంది. ఆ అప్పుతో రెండు కుట్టు మిషన్లు కొనాలని అనుకున్నారు.

రిపేరు చేసే పిల్లవాణ్ణి పిలిచారు. అతను బటను నొక్కి చూశాడు. తెర రాలేదు.

"అక్కా, ఇది పాతదైంది. కొత్తది కొనాలె. 25 వేలు అయితది" అన్నాడు.

25 వేలు అంటే మాటలా? అది 12 మంది కూడబెట్టిన పైసలు. ఒకామె కూతురి ఫీజుకు అప్పు అడిగింది. ఇంకొకామె మొగుని మందులకు అడిగింది. ఆ పైసలు కంప్యూటర్‌కు పెడితే వాళ్లకు ఏమిస్తారు?

ఆ రాత్రి లీడరక్కకు నిద్ర పట్టలేదు.

నోటు పుస్తకంలో ఒక మాట

మర్నాడు మిషను వదిన నోటు పుస్తకం పట్టుకొని వచ్చింది.

"అక్కా, ఇది చూడు" అన్నది.

రోజూ కంప్యూటర్ తెరిచేది మిషను వదినే. బటను ఎప్పుడు నొక్కిందో, తెర ఎప్పుడు వచ్చిందో పుస్తకంలో రాసేది. గడియారం చూడటం అలవాటు కావాలని అలా రాసేది. అందులో ఇలా ఉంది.

మంగళవారం. 10 గంటల 5 నిమిషాలకు నొక్కిన. 10 గంటల 16 నిమిషాలకు వచ్చింది.

బుధవారం. 10 గంటలకు నొక్కిన. 10 గంటల 11 నిమిషాలకు వచ్చింది.

గురువారం. 10 గంటల 4 నిమిషాలకు నొక్కిన. 10 గంటల 5 నిమిషాలకు వచ్చింది. నల్ల డబ్బా లేదు.

శుక్రవారం. 10 గంటల 2 నిమిషాలకు నొక్కిన. 10 గంటల 13 నిమిషాలకు వచ్చింది.

"గురువారం ఒక్క నిమిషంల ఎట్ల వచ్చింది?" అని లీడరక్క అడిగింది.

"ఆ రోజు మీ బిడ్డ నల్ల డబ్బాను నారాయణగూడకు తీసుకపోయింది గదా. ఫోటోలు తీయించనీకి. నేను డబ్బా లేదు అని రాసిపెట్టిన. అప్పుడు మనం ఎవ్వరం పట్టించుకోలే" అన్నది మిషను వదిన.

లీడరక్క ఆ వరస మళ్లీ మళ్లీ చదివింది.

"అయితే తప్పు కంప్యూటర్‌ది కాదా?"

"ఏమో అక్కా. ఒక్క రోజు చూసి చెప్పలేము. కుట్టు మిషనుల దారం తెగితే నేను మిషను పారేస్తనా? ముందు సూది మారుస్త. కుట్టి చూస్త. తెగితే బాబిను చూస్త. మళ్ల కుట్టి చూస్త. రెండూ ఒక్కసారే మారిస్తే తప్పు దేంట్ల ఉందో తెలవదు. దీన్ని గూడ అట్లనే ఒక్కొక్కటి తీసి చూద్దాం."

ఒక్కొక్కటి

లీడరక్క కూతురు డిగ్రీ చదువుతోంది. ఆమె కూడా వచ్చి కూర్చుంది. మిషను వదిన కాగితం మీద గీతలు గీసింది. ప్రతిసారీ కంప్యూటర్‌ను పూర్తిగా ఆపారు. ఆ తర్వాతే వైరు తీశారు. మళ్లీ బటను నొక్కి గడియారం చూశారు.

మొదటిసారి. అన్నీ తగిలించి ఉన్నాయి. 11 నిమిషాలు.

రెండోసారి. ప్రింటరు వైరు తీశారు. 11 నిమిషాలు.

మూడోసారి. ప్రింటరు మళ్లీ తగిలించారు. నల్ల డబ్బా తీశారు. 1 నిమిషం.

నాలుగోసారి. నల్ల డబ్బా మళ్లీ తగిలించారు. 12 నిమిషాలు.

"దొంగ దొరికిండు" అన్నది మిషను వదిన.

డబ్బా తీస్తే తొందరగా వచ్చింది. పెడితే ఆలస్యమైంది. నాలుగోసారి చూడకపోతే అది ఏదో ఒక్కనాటి మాట అనుకునేవారు. మళ్లీ పెట్టి చూశారు కాబట్టి నమ్మకం కలిగింది.

హాజరు పిలుపు

"డబ్బా తగిలిస్తే కంప్యూటర్‌కు ఎందుకంత సేపు?" అని అవ్వ అడిగింది.

లీడరక్క కూతురు చెప్పింది. "అవ్వా, సాయంత్రం చదువు కేంద్రంల టీచరమ్మ ఏం చేస్తది? ముందు హాజరు పిలుస్తది. కంప్యూటర్ గూడ బటను నొక్కంగనే హాజరు పిలుస్తది. కీబోర్డు ఉన్నదా? ఉన్నది. తెర ఉన్నదా? ఉన్నది. హార్డ్ డిస్క్ ఉన్నదా? ఇట్ల ఒక్కొక్కదాన్ని అడుగుతది. ఒకరు పలకకపోతే ఆగి, మళ్ల పిలుస్తది. మన డబ్బా తొందరగ పలుకుత లేదు."

హాజరు అయ్యాక కంప్యూటర్ ఇంకో పని చేస్తుంది. తనను నడిపించే పెద్ద ప్రోగ్రాము ఎక్కడుందో వెతుకుతుంది. చాలా కంప్యూటర్లలో ఆ ప్రోగ్రాము పేరు విండోస్. అది లోపలి హార్డ్ డిస్కులో ఉంటుంది. ఏ తలుపు ముందు కొట్టాలి, ఏది తర్వాత కొట్టాలి అనే వరస కంప్యూటర్‌లో రాసి ఉంటుంది. ఆ వరసలో బయటి డబ్బా ముందు ఉంటే, కంప్యూటర్ ముందు ఆ తలుపే కొడుతుంది. అక్కడ విండోస్ ఉండదు. వెతికి వెతికి, తర్వాత లోపలి తలుపు దగ్గరకు వస్తుంది. కొన్ని కంప్యూటర్లు అక్కడే ఆగిపోతాయి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూపిస్తాయి. అప్పుడు చాలామంది కంప్యూటర్ చెడిపోయింది అనుకుంటారు.

హార్డ్ డిస్కులో ఏముంటుంది?

హార్డ్ డిస్కు లోపల గుండ్రని పళ్లాలు ఉంటాయి. అవి అద్దంలా మెరుస్తాయి. నిమిషానికి 5,400 సార్లు గాని, 7,200 సార్లు గాని తిరుగుతాయి. పళ్లెం మీద సన్నని చేయి లాంటిది కదులుతుంది. అది పళ్లేన్ని తాకదు. వెంట్రుక కంటే చాలా తక్కువ ఎడంలో ఉండి చదువుతుంది, రాస్తుంది. తిరిగేటప్పుడు డబ్బా కింద పడితే ఆ చేయి పళ్లేనికి తగిలి గీత పడుతుంది. అక్కడ రాసినది పోతుంది.

మొదటి హార్డ్ డిస్కును 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చింది. అందులో 50 పళ్లాలు ఉండేవి. ఒక్కో పళ్లెం రెండు అడుగుల వెడల్పు. మొత్తం బరువు ఒక టన్ను పైమాటే. అంత పెద్దదానిలో పట్టినవి సుమారు 50 లక్షల అక్షరాలే. ఇప్పుడు అరచేతిలో పట్టే డబ్బాలో ఇంగ్లిషు అక్షరాలైతే లక్ష కోట్లు పడతాయి. అంత దాచుకునే డబ్బా ఒక్కసారి పోతే నష్టం కూడా అంత పెద్దదే.

తప్పు ఎక్కడ?

డబ్బా వల్లనే ఆలస్యం అని తెలిసింది. కానీ డబ్బాలో ఏది తప్పు? వైరా? వైరు తగిలించే చోటా? డబ్బానేనా?

మిషను వదిన మళ్లీ గీతలు గీసింది.

అయిదోసారి. డబ్బాకు వేరే వైరు పెట్టారు. 11 నిమిషాలు.

ఆరోసారి. కంప్యూటర్ ముందు వైపు కాకుండా వెనక వైపు తగిలించారు. ఇలాంటి చిన్న డబ్బాకు కరెంటు ఆ వైరులోనుంచే వస్తుంది. వైరు వదులుగా ఉన్నా, చాలినంత కరెంటు రాకపోయినా అది సరిగా తిరగదు. అందుకే చోటు మార్చి చూశారు. అయినా 11 నిమిషాలే పట్టింది.

ఈసారి మిషను వదిన డబ్బా దగ్గర చెవి పెట్టింది. లోపల టిక్, టిక్, టిక్ అని చప్పుడు వినిపించింది.

"ఈ చప్పుడు మంచిది కాదు అత్తా" అన్నది లీడరక్క కూతురు. "డబ్బా పాడైతున్నది. ఇగ పరీక్షలు బంద్ చేద్దాం. ముందు లెక్కలు బయటకు తీద్దాం."

లీడరక్క గుండె జల్లుమన్నది. రెండేళ్ల లెక్కలు ఆ డబ్బాలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

ముందు లెక్కలు

డబ్బా తీసి కంప్యూటర్ తెరిచారు. ఒక నిమిషంలో వచ్చింది. అప్పుడు డబ్బా తగిలించారు. చాలాసేపటికి తెర మీద డబ్బా గుర్తు కనిపించింది.

అంతలో తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. "డిస్కును ఫార్మాట్ చేయాలా?" అని దాని అర్థం. ఒకామె "అవును అని నొక్కు. బాగైతదేమో" అన్నది.

లీడరక్క కూతురు చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు పిన్నీ. ఫార్మాట్ అంటే పలకను తుడిచినట్టే. లెక్కలన్నీ పోతయి."

ఆ ప్రశ్నకు "వద్దు" అని నొక్కారు. డబ్బాను సరిగా తీసి, కాసేపు ఆగి మళ్లీ తగిలించారు. ఈసారి తెరుచుకుంది.

దుకాణానికి పోయి రెండు పెన్ డ్రైవులు తెచ్చారు. ముందు లెక్కలు తీశారు. తర్వాత సభ్యుల కాగితాలు తీశారు. చివరికి ఫోటోలు తీశారు. డబ్బా ఒక్కోసారి ఆగేది. మళ్లీ కదిలేది. లెక్కలన్నీ వచ్చాయి. కాగితాలన్నీ వచ్చాయి. ఫోటోలు మాత్రం కొన్ని రాలేదు. సంఘం మొదటి మీటింగు ఫోటో ఆ రానివాటిలో ఉంది. ఆ ఫోటోలో ఉన్న ఒక సభ్యురాలు ఇప్పుడు బతికి లేదు. ఆ ఫోటో ఇంకెవరి దగ్గరా లేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత లీడరక్క కూతురు కంప్యూటర్ తలుపుల వరస చూసింది. బటను నొక్కగానే ఒక మీట నొక్కితే ఆ వరస కనిపిస్తుంది. కొన్ని కంప్యూటర్లలో ఎఫ్ 2, కొన్నింటిలో డిలీట్, కొన్నింటిలో ఇంకో మీట ఉంటుంది. వరసలో బయటి డిస్కే ముందు ఉంది. ఆమె లోపలి డిస్కును ముందుకు మార్చింది. డబ్బా తగిలించి ఒకసారి చూశారు. ఈసారి 5 నిమిషాలు పట్టింది.

అంటే తప్పులు రెండు ఉన్నాయి. ఒకటి తలుపుల వరస. అది మారిస్తే సగం ఆలస్యం పోయింది. రెండోది డబ్బా జబ్బు. అది మిగిలింది. ఆ డబ్బాను ఇక తగిలించలేదు.

శుక్రవారం లెక్కలు బ్యాంకుకు చేరాయి. ఖర్చు రెండు పెన్ డ్రైవులకు అయినంతే. రిపేరు పిల్లవాడు వచ్చి ఆ కాగితం చూశాడు.

"నేను అన్నీ తగిలించే చూసిన అక్కా. తీసి చూడలే" అని ఒప్పుకున్నాడు.

"ఇంకో ఇంటికి పోయినప్పుడు తీసి చూడు తమ్మీ. ఆళ్ల పైసలు గూడ కష్టపడ్డ పైసలే" అన్నది మిషను వదిన.

అవ్వ చెప్పిన మాట

ఆ సాయంత్రం అవ్వ ఒక పాత సంగతి చెప్పింది.

2000 సంవత్సరం ఆగస్టు నెలలో హైదరాబాదులో పెద్ద వాన పడింది. ఒక్క రోజులోనే సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్ సాగర్ నిండింది. నాలా పొంగింది. అశోక్ నగర్, బాగ్ లింగంపల్లి వైపు నీళ్లు వచ్చాయి. బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పెద్ద గ్రంథాలయం ఉంది. అందులోకి కూడా నీళ్లు పోయాయి. ఎన్నో పుస్తకాలు తడిసిపోయాయి. వాటిలో అరుదైన ఉర్దూ పుస్తకాలు కూడా ఉన్నాయి.

"మా ఇంట్లకు గూడ మోకాలి దాక నీళ్లొచ్చినయి" అన్నది అవ్వ. "ట్రంకు పెట్టె మంచం కింద ఉండె. ఇంటి కాగితాలన్నీ అండ్లనే. ముద్ద ముద్ద అయినయి. మా అక్క దగ్గర ఒక్క జిరాక్సు ఉండబట్టి బతికినం. ఒక్క చోట ఉన్నది ఒక్క దినంల పోతది బిడ్డా."

ఆ మాటతో సంఘం ఒక తీర్మానం రాసుకుంది. ప్రతి నెలా మీటింగు అయిన రోజు లెక్కలు రెండు పెన్ డ్రైవుల్లో ఎక్కించాలి. ఒకటి లీడరక్క ఇంట్లో ఉండాలి. రెండోది ఇంకో సందులో ఉన్న మిషను వదిన ఇంట్లో ఉండాలి. చివరి పేజీ కాగితం మీద అచ్చు తీసి ఫైలులో పెట్టాలి. పని కాగానే పెన్ డ్రైవు తీసేయాలి.

ఆ తీర్మానం రాసింది మిషను వదిన. 12 మందీ సంతకాలు పెట్టారు. అవ్వ కూడా వేలిముద్ర వేయలేదు. మెల్లగా, వంకర వంకరగా అయినా, సంతకమే పెట్టింది.

మీ కంప్యూటర్ ఆలస్యం చేస్తే

1. గడియారం చూసి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి.

2. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపండి. తడి చేతులతో ముట్టుకోకండి.

3. బయట తగిలించిన వాటిలో ఒక్కటి మాత్రమే తీయండి. హార్డ్ డిస్కు, పెన్ డ్రైవు ఉంటే ముందు వాటిని చూడండి.

4. మళ్లీ తెరిచి నిమిషాలు రాయండి. తేడా కనిపిస్తే, తీసినదాన్ని తిరిగి పెట్టి ఇంకోసారి చూడండి.

5. డిస్కు వల్లనే ఆలస్యం అయితే ముందు అందులోని లెక్కలు వేరే చోటికి ఎక్కించుకోండి. వైరు, చోటు మార్చి చూడటం ఆ తర్వాతే.

6. డిస్కులో టిక్ టిక్ చప్పుడు వస్తే ఇక పరీక్షలు చేయకండి. దాన్ని విప్పకండి. ఫార్మాట్ చేయకండి. తెలిసినవాళ్లకు చూపించండి.

7. తలుపుల వరసలో లోపలి డిస్కు ముందు ఉందో లేదో తెలిసినవాళ్లతో చూపించుకోండి.

8. డిస్కును ఊడబెరకకండి. తీస్తున్నాను అని కంప్యూటర్‌కు ముందు చెప్పాలి. దానికి తెర మీద ఒక గుర్తు ఉంటుంది. రాస్తుండగా లాగేస్తే రాసినది చెడుతుంది. మరోసారి తగిలించినప్పుడు కంప్యూటర్ దాన్ని సరిచూస్తూ ఆలస్యం చేయవచ్చు.

9. డిస్కు తీసినా ఆలస్యం పోకపోతే కారణం వేరే ఉంది. మీరు రాసిన కాగితం రిపేరు చేసేవారికి చూపించండి.

కొత్త మాటలు

హార్డ్ డిస్కు: లెక్కలు, ఫోటోలు దాచే పెట్టె.

పెన్ డ్రైవు: వేలు అంత ఉండే చిన్న దాచుడు సాధనం.

విండోస్: కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాము.

ఫార్మాట్: డిస్కులో ఉన్నదంతా తుడిచి ఖాళీ చేయడం.

తీర్మానం: అందరూ కలిసి ఒప్పుకొని రాసుకున్న మాట.

చదివి చెప్పండి

1. గురువారం కంప్యూటర్ ఒక్క నిమిషంలో ఎందుకు వచ్చింది?

2. మిషను వదిన రెండు వస్తువులను ఒక్కసారే ఎందుకు తీయలేదు?

3. నల్ల డబ్బాను మళ్లీ పెట్టి నాలుగోసారి ఎందుకు చూశారు?

4. "అవును అని నొక్కు" అన్న మాట వింటే ఏమయ్యేది?

5. మీ ఇంటి కాగితాలు ఎక్కడ ఉన్నాయి? వాటి నకలు ఇంకో చోట ఉందా?

చేయండి

మీ ఇంట్లో సరిగా పని చేయని వస్తువు ఒకటి చూడండి. ఫ్యాను కావచ్చు. గ్యాసు పొయ్యి కావచ్చు. కుట్టు మిషను కావచ్చు. అది ఏ రోజు, ఏ వేళ, ఎలా మొరాయించిందో వారం రోజులు రాయండి. ఆ కాగితాన్ని మీ చదువు కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.